లోతుల గదిలో రెండో చెవి

శుద్ధ పంచమి

ఈ పుస్తకం నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళ కోసం రాస్తున్నాను. యంత్రం మార్చేటప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నది నాకెవరూ రాసి పెట్టలేదు. నాకు ముందు ఈ పని చేసినాయన అన్నీ బుర్రలోనే పెట్టుకుని, ఆ బుర్రతో సహా వెళ్ళిపోయాడు. ఆయన్ని తిట్టుకోని రోజు లేదు. నన్నెవరూ అలా తిట్టుకోకూడదని ఈ రాత.

పాత యంత్రం డిస్కు నిన్నటి నుంచి కరకరమంటోంది, అన్నంలో రాయి పంటి కింద పడ్డట్టు. పది రోజులు బతకొచ్చు, సాయంత్రానికే పోవచ్చు. గోదాముల్లో వెతికించి ఇంకో యంత్రం తెప్పించాను. మా అమ్మ కాలంలో నోటితో చెబితే పని చేసిపెట్టే యంత్రాలుండేవట. అవి ఎక్కడో దూరాన ఉన్న పెద్ద యంత్రాల మీద ఆధారపడి బతికేవట. ఆ దూరాలన్నీ మునిగిపోయాక ఇవీ మూగబోయాయి. మనకు మిగిలింది నల్ల తెర, కీబోర్డు, మన చేత్తో కొట్టే కమాండ్లు.

పాత డిస్కులో ఉన్నది పంతొమ్మిదేళ్ళ లోతులు. కింద మునిగిన ఊళ్ళో ఏ వీధి ఎంత లోతున ఉంది, ఏ డాబా ఎంత ఎత్తున నిలబడి ఉంది, ఏ గోడ కూలింది, తాడు వేసి కొలిచి తెచ్చిన ఆరువేల మూడొందల చోట్లు. రోజుకి రెండు పోట్లు. ప్రతి పోటుకీ ముందు యంత్రం ఆ లోతులకి పోటు నీరు కలిపి ఒక పట్టిక తీస్తుంది. కింద గదిలో బుల్లబ్బాయి గారు దాన్ని రేడియోలో చదువుతారు. పడవలవాళ్ళు అది విని డాబాల మధ్య దారి చూసుకుంటారు. నీళ్ళన్నీ బురద, పైనుంచి చూస్తే జానెడు లోతు కూడా తెలియదు.

ఐదు పడవలు ఉప్పునీటిని తట్టుకునే వరి విత్తనం కోసం ఉత్తరానికి వెళ్ళాయి. ముందు పడవ నడిపేది నా కూతురు మావుళ్ళు. వెళ్ళేటప్పుడు ఖాళీ పడవలు కాబట్టి ఎటుపడితే అటు దాటిపోయాయి. వచ్చేటప్పుడు నిండు పడవకి మూడు మూరల నీళ్ళు కావాలి. దారి పొడుగునా అన్ని నీళ్ళు పౌర్ణమి పోటుకే ఉంటాయి. ఈలోగా కొత్త యంత్రం నిలబడాలి.

మొదటి చిట్కా. కూర్చోగానే పీడబ్ల్యూడీ కొట్టండి. మీరు ఏ ఫోల్డరులో ఉన్నారో యంత్రం చెబుతుంది. ఎక్కడున్నామో తెలియకుండా ఏదీ చెయ్యకండి.

శుద్ధ షష్ఠి

ఈ గదిలో ఇద్దరం ఉంటాం. ఇది మా తరం పెట్టిన నియమం కాదు. ఒకసారి ఎవరో ఒక తప్పు కమాండు కొట్టి, పట్టిక తారుమారై, పదకొండు మంది పోయారట. అప్పటి నుంచి ఒకరు కొడతారు, ఒకరు వింటారు. కొట్టినవాళ్ళు తెర మీద ఉన్నది ఉన్నట్టు, చుక్కలూ గీతలూ ఖాళీలూ సహా, పైకి చదవాలి. రెండోవాళ్ళు దాన్ని తిరిగి చెప్పి "నొక్కు" అనాలి. అప్పుడే ఎంటర్. దీన్ని రెండో చెవి అంటారు.

నా రెండో చెవి పల్లాలమ్మ పిన్ని. అరవై ఎనిమిదేళ్ళు, చూపు లేదు. తొమ్మిదేళ్ళుగా నా పక్కన గోడకి ఆనుకుని కూర్చుంటోంది. చూపున్నవాళ్ళయితే తెరవైపు చూసి సరేలే అనేస్తారట, చూపు లేనివాళ్ళు వింటారట, అందుకని ఆవిణ్ణి పెట్టారు. నా ప్రాణం తోడేస్తుంది. చిన్న కమాండుకైనా మొత్తం చదివిస్తుంది. నేను వడివడిగా చదివితే మళ్ళీ మొదలుపెట్టమంటుంది.

ఈ బాధ పడలేక ఏళ్ళ తరబడి నేను పొట్టిమాటలు చేసుకున్నాను. పెద్ద కమాండుకి ఒక చిన్న మాట. పట్టిక తియ్యడానికి "తీత". పాత పట్టికలున్న ఫోల్డరు ఖాళీ చెయ్యడానికి "ఊడ్పు". ఇవి లేకపోతే రోజుకి రెండు పోట్లు ఎవడివల్లా కాదు. తెర మీద ఒక్క మాటే ఉంటుంది, ఒక్క మాటే చదువుతాను, పిన్ని ఒక్క మాటే తిరిగి చెబుతుంది.

చిట్కాలు. పైకి బాణం మీట నొక్కితే ఇంతకు ముందు కొట్టిన కమాండు తిరిగొస్తుంది. పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతా సగం యంత్రమే నింపుతుంది. నింపలేదంటే ఆ పేరుతో అక్కడ ఏమీ లేదని అర్థం.

శుద్ధ అష్టమి

కొత్త యంత్రం మొండికేసింది. గడియారం ఐదున్నర గంటలు వెనక ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన యంత్రం ప్రపంచమంతటికీ ఒకటిగా పెట్టిన టైము చూపిస్తుంది, మన టైము మనమే పెట్టాలి. ఈ ఒక్క సంగతి పట్టుకోవడానికి పూటంతా పోయింది. పోటు టైము అటూ ఇటూ అయితే లోతులన్నీ తప్పే కదా. యంత్రం మార్చిన రోజే గడియారం చూడండి, నాలాగా మూడో రోజు కాదు.

పాత డిస్కు చప్పుడు పెరిగింది. మధ్యాహ్నం రేడియోలో మావుళ్ళు పలికింది. విత్తనం ఎక్కించుకున్నారట, బయల్దేరుతున్నారట. తాగే నీళ్ళు సరిగ్గా పౌర్ణమి దాటి రెండు రోజులకి సరిపోతాయట. అంతా బాగానే ఉందా అని అడిగింది. ఉందన్నాను.

శుద్ధ ఏకాదశి

రెండు రోజులు పట్టికలుండవు, మునిగిన ఊరి మీదికి ఎవరూ రావద్దని రేడియోలో చెప్పించి, పాత డిస్కుని ఊడదీసి కొత్త యంత్రానికి తీగతో తగిలించాను. ఇప్పుడు అది కొత్త యంత్రంలో ఒక ఫోల్డరులా కనిపిస్తోంది. లోతులన్నీ కొత్త డిస్కులోకి కాపీ పెట్టాను. పాడైన డిస్కు ఆగి ఆగి చదువుతుంటే ఆరు గంటలు పట్టింది. ఆరు గంటలూ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగాను. కూర్చోమని పిన్ని నాలుగుసార్లు గసిరింది.

కాపీ అయింది. ఆరువేల మూడొందల వరుసలు, ఒక్కటీ తగ్గలేదు. నా పొట్టిమాటల ఫైలు కూడా తెచ్చుకున్నాను. అది లేకపోతే నా చేతులు నావి కావు.

పాత డిస్కు తీగ తియ్యలేదు. ఏమైనా మర్చిపోయి ఉంటే మళ్ళీ తగిలించే పని లేకుండా ఉంటుందని ఉంచాను. ఇప్పుడు మనకు రెండు కాపీలున్నాయి. తొలిసారి సుఖంగా అన్నం తిన్నాను.

శుద్ధ త్రయోదశి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొత్త యంత్రం మీద మొదటి పట్టిక తీద్దామని కూర్చున్నాను. పట్టికకి ముందు ఊడ్పు. ఏళ్ళ అలవాటు. "ఊడ్పు" అని కొట్టాను, చదివాను. పిన్ని "ఊడ్పు, నొక్కు" అంది. నొక్కాను.

పాత యంత్రంలో ఆ పని గుక్క తిప్పుకునేలోపు అయిపోయేది. ఇప్పుడు తెర ఆగిపోయింది. డిస్కు దీపం ఆగకుండా వెలుగుతోంది. రెండు సెకన్లు చూశాను, మూడు, నాలుగు. అప్పుడు తట్టింది. కంట్రోల్ పట్టుకుని సి నొక్కాను. యంత్రం ఆగింది. ఏమేం ఉన్నాయో చూపించే ఎల్ఎస్ కొట్టి చూస్తే లోతుల ఫోల్డరు లేదు. తీగకి తగిలించిన పాత డిస్కులో చూశాను, అక్కడా లేదు.

సంగతి ఇది. ఊడ్పు వెనక ఉన్న కమాండు, "పాతపట్టికలు" అన్న పేరు ఏ ఫోల్డరుని చూపిస్తే ఆ ఫోల్డరులో ఉన్నదంతా తుడిచెయ్యమంటుంది. ఆ పేరు ఏ ఫోల్డరుదో ఇంకో ఫైల్లో ఉంటుంది, పేర్ల ఫైల్లో. నేను పొట్టిమాటల ఫైలు తెచ్చాను, పేర్ల ఫైలు తేలేదు. కొత్త యంత్రంలో ఆ పేరు వెనక ఏమీ లేదు. ఏమీ లేనప్పుడు యంత్రం ఆగి నన్ను అడగదు. అన్నిటికన్నా పైనున్న ఫోల్డరు నుంచి మొదలుపెట్టి ఉన్నదంతా తుడుస్తుంది. తీగ చివర తగిలించిన పాత డిస్కు కూడా ఆ ఉన్నదంతాలోదే. అన్ని అధికారాలూ ఉన్న పేరుతో లోపలికి వెళ్ళి కూర్చున్నాను కాబట్టి అడ్డుకునేది కూడా ఏమీ లేదు.

చిట్కా. రెండు కాపీలూ ఒకే యంత్రానికి తగిలించి ఉంటే అది ఒక్క కాపీయే.

పట్టిక లెక్కగట్టే ప్రోగ్రాము మిగిలింది. దాని వంతు వచ్చేలోపు ఆపగలిగాను. లెక్కగట్టడానికి లోతులు లేవు. కాగితం మీద ఉన్నవి పదకొండేళ్ళ కిందటివి. తర్వాత వచ్చిన మూడు తుఫాన్లకి ఆ ఊళ్ళో సగం గోడలు పడిపోయాయి, వీధులు పూడిపోయాయి.

పిన్ని ఏమైందని అడిగింది. చెప్పాను. ఆవిడ నెమ్మదిగా అంది.

"ఆ మాట నేనూ తిరిగి చెప్పేను కదే. దాని లోపలేముందో నాకు తెలీదు. తెలీకుండానే నొక్కమన్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ వినడానికే ఉంది. ఆవిడకి వినిపించకుండా చేసింది నేను. ఒక్క మాటకి కుదించేసి, రెండో చెవి ఉన్నట్టే ఉంచి, దాన్ని మూసేశాను. తొమ్మిదేళ్ళుగా నియమం తప్పలేదని గొప్ప చెప్పుకుంటూనే ఆ పని చేశాను.

శుద్ధ చతుర్దశి

పడవలు పాత లైట్‌హౌసు దగ్గరికి వచ్చి లంగరు వేశాయి. రేపు ఉదయం తొమ్మిదింటికి పోటు నిండుతుంది. పట్టిక ఎప్పుడు చదువుతారని మావుళ్ళు అడిగిందని బుల్లబ్బాయి గారు పైకి వచ్చి చెప్పారు. డిస్కు చచ్చిపోయిందని చెప్పేస్తే పోతుంది కదా అన్నారు. నా మంచి కోరే అన్నారు. అబద్ధం ఎందుకు, నాకూ మనసు లాగింది. డిస్కు ఎలాగూ చావబోయేదే, ఎవరు అడగొచ్చారు?

కానీ ఆ పిల్ల రేపు నీళ్ళలోకి దిగుతుంది. యంత్రం పాడైందని చెబితే, ఆ యంత్రం లెక్కగట్టి ఇచ్చే అంకెల్ని మావుళ్ళు నమ్మదు. యంత్రం బాగానే ఉంది, తప్పు చేసింది నా చెయ్యి. దేన్ని నమ్మాలో, దేన్ని నమ్మకూడదో దానికి తెలియాలి. కిందికి వెళ్ళి మైకు తీసుకున్నాను.

"మావుళ్ళూ, లోతులు పోయాయి. డిస్కు పోలేదు. నేనే తుడిచేశాను."

గాలి చప్పుడులోంచి దాని గొంతు వచ్చింది.

"మొత్తం పోయినియ్యా?"

"మొత్తం."

"ఇంకో పున్నమి దాకా ఆగడానికి తాగే నీళ్ళు లేవమ్మా. మూడ్రోజులకే ఉన్నాయి." వెంటనే అడిగింది. "లెక్కగట్టేది పన్జేత్తందా? అది చెప్పు."

చేస్తోందన్నాను. అప్పుడు అదే చెప్పుకుపోయింది, నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది. దాని పడవలో బస్తాలు సగానికి పైగా మిగతా నాలుగింటికీ సర్దుతారు. అప్పుడు దానికి రెండు మూరల నీళ్ళు చాలు. పోటు ఎక్కుతుండగానే అది ముందు బయల్దేరి తాడు వేసుకుంటూ వస్తుంది. కొలిచిన ప్రతి లోతూ రేడియోలో చెబుతుంది. నేను కొడతాను. తను కొలిచిన నిమిషానికి ఉన్న నీళ్ళు వెనక పడవలు వచ్చే నిమిషానికి ఉండవు, ఇంకా పెరుగుతాయి. ఆ తేడా యంత్రం కలిపి ఇస్తుంది. అది బుల్లబ్బాయి గారు వెనక పడవలకి చదవాలి. నిండు పడవలు ఆ ప్రవాహంలో ఒకసారి దిగాయంటే ఆగలేవు, అంచేత ప్రతి వరుసా వాళ్ళు అక్కడికి రాకముందే అందాలి.

ముందు నువ్వే ఎందుకు అని అడగబోయి మానేశాను. దాని పడవే చిన్నది.

మధ్యాహ్నం నుంచి పొట్టిమాటల ఫైలు తెరిచి ఒక్కొక్కటీ తీసేశాను. చెరిపే ప్రతిదీ పిన్నికి చదివాను. అలసిపోయానని ఒకటి వదిలెయ్యబోతే వదలనివ్వలేదు.

చిట్కా. దేన్నైనా తుడిచే ముందు, ఆ కమాండు మొదట్లో ఎకో పెట్టి ఒకసారి కొట్టండి. తుడవకుండా, ఏమేం తుడవబోతోందో తెర మీద చూపిస్తుంది. ఈ చిట్కా నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు.

పౌర్ణమి

ఏడూ ఇరవైకి మావుళ్ళు మొదటి లోతు చెప్పింది. బుల్లబ్బాయి గారు రేడియో సెట్టు పైకి మోసుకొచ్చి నా పక్క బల్ల మీద పెట్టారు. వెనక పడవలకి చదవడానికి రెండో సెట్టు ఆయన దగ్గర ఉంది.

బస్టాండు ముందు, మూడు. కొట్టాను, చదివాను, పిన్ని తిరిగి చెప్పింది, నొక్కాను. పోస్టాఫీసు మలుపు, మూడుంబావు. మార్కెట్టు వీధి, రెండున్నర. ఒక్కొక్కటీ మొత్తం చదవడం. కొలత, ఖాళీ, చోటు, ఖాళీ, అంకె, ఖాళీ, నిమిషం. ఇంత నెమ్మదిగా పని చెయ్యడం నా వంటికి పడదు. బల్ల కింద కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. ముప్ఫయ్యో వరుస దాటాక వేగం అదే కుదిరింది, మా ముగ్గురిదీ.

ఎనిమిదింటికి వెనక పడవలు బయల్దేరాయి. నలభై నిమిషాల తేడా అనుకున్నాం. ప్రవాహం బలంగా ఉండి ఆ తేడా తరిగిపోతోంది. బుల్లబ్బాయి గారు గడియారం చూసి నా వైపు చూస్తున్నారు.

తొంభై నాలుగో వరుస. సినిమా హాలు పక్క వీధి, మూడు అని చెప్పింది. అది కొట్టాక తర్వాతి లోతు రావాలి. రాలేదు. పెద్ద చప్పుడు వినిపించింది, చెక్క పగిలిన చప్పుడు, ఎవరో అరిచారు. తర్వాత మావుళ్ళు గొంతు, చాలా దగ్గరగా.

"నీళ్ళు పక్కకి లాగేసినియ్యి. హాలు కప్పు మీదికెక్కేశాం. ఇక్కడ మూరన్నర. రాసుకో అమ్మా."

అంతే. సెట్టు ఆగిపోయింది. పేరు పెట్టి పిలిచాను. బుల్లబ్బాయి గారు పిలిచారు. వెనక మొదటి పడవ ఇంకో పది నిమిషాల్లో ఆ మలుపుకి వస్తుంది. దానికీ ప్రవాహం అదే, పక్కకి లాగేదీ అదే.

కొట్టాను. నా చేతులు ఎలా కదిలాయో తెలియదు. ఎంటర్ మీద వేలు పెట్టేశాను కూడా.

"చదువు" అంది పిన్ని.

పిన్నీ, నా వల్ల కాదన్నాను. అది బతికుందో లేదో తెలియదన్నాను.

"తెలీదు. వెనకోళ్ళు వత్తన్నారు. చదువు."

చదివాను. కొలత, ఖాళీ, హాలు వీధి, ఖాళీ, ఒకటిన్నర. అక్కడ ఆగాను. హాలు కప్పు అని కొట్టాల్సింది, ఇంతకుముందు వరుస చేతిలో ఉండిపోయి హాలు వీధి అని కొట్టాను. అలాగే నొక్కి ఉంటే వీధిలో నీళ్ళు లేవని పడవలకి చెప్పేవాళ్ళం. వాళ్ళు వీధి వదిలి నేరుగా కప్పు మీదికి వెళ్ళేవాళ్ళు. చెరిపి మళ్ళీ కొట్టాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. హాలు కప్పు, ఒకటిన్నర. పిన్ని ఒక్కొక్క మాటా తిరిగి చెప్పింది. "నొక్కు" అంది. నొక్కాను.

బుల్లబ్బాయి గారు ఆ రెండు వరుసలూ మూడుసార్లు చదివారు. హాలు దగ్గర ఎడమకి తెడ్డు వేసి వీధి మధ్యలో పట్టి ఉంచమని, నీళ్ళు కుడికి లాగుతాయని చెప్పారు. హాలు దాటాక మనముండే ఈ మిట్ట కింది కాలవ దాకా దారి తిన్నగానే ఉంటుంది. ఆ తర్వాత ఇరవై రెండు నిమిషాలు నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. పిన్ని నా మోకాలు మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కి పట్టింది.

తొమ్మిదీ ఇరవైకి రెండో పడవ నుంచి మాట వచ్చింది. హాలు కప్పు మీద నిలబడి ఉన్న ముగ్గుర్నీ తాడు విసిరి లాగారట. ముగ్గురూ ఉన్నారట. మావుళ్ళుకి ఎడమ చెయ్యి విరిగిందట. బుల్లబ్బాయి గారు ఆ మాట రెండోసారి చెప్పించుకుని, టోపీ తీసి మొహం తుడుచుకున్నారు. నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు.

పదింటికి నాలుగు పడవలూ కాలవ గట్టుకి చేరాయి. మెట్లు దిగి పరిగెత్తాను. మావుళ్ళు రెండో పడవ అంచు మీద కూర్చుని ఉంది. చెయ్యి గోనెపట్టాతో కట్టి ఉంది, పెదవులు నీలంగా ఉన్నాయి. దగ్గరికి వెళ్ళాను, పట్టుకోబోయాను. అది కుడిచెయ్యి ఎత్తి ఆపింది.

"మమ్మల్ని లాగేసేక నా పడవ కప్పు మీంచి జారి వీధిలో పడిపోయింది. నాలుగూ దాటేసినియ్యి కాబట్టి సరిపోయింది. సాయంత్రం పోటుకి దక్షిణం నుంచొచ్చే పడవలోళ్ళు ఆ వీధిలోంచే వత్తారు. నువ్వు రాసిన మూడు ఇప్పుడు తప్పు. పైకెళ్ళి మార్చమ్మా."

దాన్ని ముట్టుకోకుండానే వెనక్కి తిరిగాను. మెట్లెక్కి వచ్చాను. కొట్టి, పిన్నికి మొత్తం చదివాను.

హాలు వీధి. దారి లేదు. కింద మావుళ్ళు పడవ ఉంది.